కార్డుకి రెండో వైపు

"ముందు మిమ్మల్ని మీరు అమ్ముకోవడం నేర్చుకోండి." గ్రాఫిక్ డిజైనర్ల కోసం పెట్టిన ఒక వర్క్‌షాప్‌లో విన్న మాట ఇది. చెప్పిందీ ఆడమనిషే, విన్నవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళమే. ఆ మాట ఆడదానికి మరోలా తగిలే సమాజంలో ఉన్నామని ఎవరికీ తోచలేదు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

మనిషే ఒక బ్రాండ్ అని 1997లో ఫాస్ట్ కంపెనీ అనే అమెరికన్ పత్రికలో టామ్ పీటర్స్ రాశాడు. కంపెనీలు ఉద్యోగి బాధ్యత దులిపేసుకుంటున్న కాలంలో ఆ బరువు ఉద్యోగి నెత్తినే పెట్టిన మాట అది. బ్రాండ్ అంటే అసలు పశువులకు వేసే వాత. మన ఊళ్ళలో అచ్చోసిన ఆంబోతు ఏ చేలో పడ్డా అడిగేవాళ్ళుండరు. ఆవు మీద ముద్ర మాత్రం అది ఎవరి సొత్తో చెప్పడానికి.

ఇంటికొచ్చి నా విజిటింగ్ కార్డు నేనే చేసుకుందామని కూర్చున్నాను. డాక్టర్లకి, చీరల కొట్లకి, రియల్ ఎస్టేట్ వాళ్ళకి పూటలో చేసి ఇచ్చేదాన్ని. నాదానికి మూడు వారాలు పట్టింది. 3.5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, దాని నిండా తగువులే. మొదట పేరు. పని మొదలుపెట్టింది పుట్టింటి పేరుతో, బ్యాంకు ఖాతా మాజీ భర్త ఇంటిపేరుతో. "మారని పేరే బ్రాండుకి పునాది" అన్నారు వర్క్‌షాప్‌లో. మగవాడికి అది పుట్టుకతోనే వస్తుంది. తర్వాత ఫోన్ నంబరు. పాత కార్డు చూసి రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఫోన్లలో పని గురించినవి తక్కువ. "నా నంబరు వెయ్యక్కా" అన్నాడు తమ్ముడు. ప్రేమగానే అన్నాడు. నా పనికి కాపలా తనన్నమాట.

నాతో పనిచేసే అమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్ వల్ల పని వస్తోంది, కాదనను. చేసిన పని గురించి పోస్టులు తయారుచెయ్యడానికే తనకి సగం రోజు పోతుంది. దానికెవరూ బిల్లు కట్టరు.

నైకీ గుర్తు గీసింది కరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని. 1971లో ఆమెకి ఇచ్చింది 35 డాలర్లు. 1983లో కంపెనీ పిలిచి ఉంగరమూ షేర్లూ ఇచ్చింది. చివరికి గుర్తించారు కదా అని ఈ కథ మురిపెంగా చెబుతారు. నాకు మధ్యలోని పన్నెండేళ్ళే కనిపిస్తాయి. ప్రపంచమంతా ఎరిగిన బ్రాండుని గీసిన మనిషికి లేనిది బ్రాండింగా?

ఇక మన సంగతి. కోపం వస్తే రానివ్వండి. ఇంటిచాకిరీ ఎలా కనపడకుండా పోతుందో చెప్పే స్త్రీవాద వ్యాసాల సంకలనానికి ముఖచిత్రం చేశాను. నాలుగుసార్లు మార్పించారు. డబ్బు మాటెత్తితే "మన పుస్తకమే కదా" అన్నారు. పుస్తకం వచ్చింది. లోపలి పేజీలో ప్రెస్సు పేరుంది, ప్రతులు దొరికే చోటుంది, నా పేరు లేదు. అడిగాను. "అయ్యో, హడావుడిలో మర్చిపోయాం. అయినా నువ్వూ నలుగురికీ తెలిసేలా ఉండాలి, ఒక కార్డయినా వేయించుకో" అన్నారు.

వర్క్‌షాప్‌లో విన్న పాఠమే, మన ఇంట్లో. హక్కులన్నీ రాసిచ్చేసినా ఈ పని నాదని చెప్పుకునే హక్కు 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఉంటుంది. బ్రాండ్ కాకపోయినా ఉంటుంది. మరి చాకిరీ గురించి అంత రాసిన మనకి ఆ ఒక్క లైను ఎందుకు గుర్తు రాదు?

కార్డు వేయించాను. 300 జి.ఎస్.ఎం. తెల్ల అట్ట, నల్లక్షరాలు, ఇంటిపేరు లేదు, పని కోసం విడిగా తీసుకున్న నంబరు. వెనక ఖాళీగా ఉంటేనే అందం అన్నాడు ప్రెస్సతను. అక్కడ ముఖచిత్రానికి నా రేటు వేశాను, సగం ముందుగా ఇవ్వాలనీ, పుస్తకంలో పేరు ఉండాలనీ వేశాను. మొన్నొక సభలో ఒక రచయిత్రికి ఇస్తే ముందువైపు చూసి "ఎంత బావుందో" అన్నారు. తిప్పి చూసి, ఏమీ అనకుండా సంచిలో పెట్టుకున్నారు.