కథ పంపేదెక్కడికి?

సూరత్ నగరంలో 1833లో జన్మించిన నర్మదాశంకర్ దవే బొంబాయిలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ, 1858 నవంబరు 23న ఆ ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు. ఇంటికి వచ్చి, కన్నీటితో తన బ్రతుకుభారాన్ని కలానికి అప్పగించాడు. ‘నర్మద్’గా ప్రసిద్ధికెక్కి, ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడనిపించుకొన్న ఆ కవి 1864లో ‘దాండియో’ పత్రికను ప్రారంభించాడు. గుజరాతీ నిఘంటువును కూర్చాడు. అప్పులు మాత్రం తీరలేదు. ఇరవై నాలుగేళ్ళు నిలుపుకొన్న ప్రతిజ్ఞను 1882లో విడనాడి, బరువెక్కిన హృదయంతో ఒక ధర్మసంస్థలో కొలువుకు కుదిరాడు. నాలుగేళ్ళకే కన్నుమూశాడు. నేడు సూరత్‌లోని విశ్వవిద్యాలయం ఆయన పేరనే వెలసివుంది.

ఆ నగరానికే తెలంగాణ జిల్లాల నుండి ఎందరో నేతపనివారు బ్రతుకుతెరువు కోసం వలస వెళ్ళారు. మరమగ్గాల రొదలో పగలంతా గడిపి, రాత్రివేళ తెల్లకాగితం ముందు కూర్చొనే యువకుడొకడు వారిలో ఉన్నాడనుకొందాం. చుట్టూ వినిపించేది గుజరాతీ. తెలుగు సంపాదకులు వందల మైళ్ళ దూరాన ఉంటారు. కథ పూర్తికాగానే అతనికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: దీనిని ఎక్కడికి పంపాలి?

నర్మద్ జీవితం అతనికి చేసే హెచ్చరిక స్పష్టమైనది: మగ్గం విడువరాదు. కాని, మగ్గం విడువనంత మాత్రాన కలం మూలపడనక్కరలేదు. పాలగుమ్మి పద్మరాజు 1939 నుండి కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో అధ్యాపకుడుగా ఉంటూనే కథలు వ్రాశారు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో ఆయన ‘గాలివాన’కు ద్వితీయ బహుమతి లభించింది. జీతం ఇల్లు గడిపింది. పోటీ కథను సముద్రాలు దాటించింది.

నాటి పత్రికలు అనేకం నేడు లేవు. 1924లో మొదలైన ‘భారతి’ 1991లో నిలిచిపోయింది. పిదప మరెన్నో వారపత్రికలు మూతపడ్డాయి. అయినా తలుపులన్నీ మూసుకోలేదు. దినపత్రికల ఆదివారపు అనుబంధాలున్నాయి. అంతర్జాల పత్రికలున్నాయి. పండుగల సందర్భంగా జరిగే కథల పోటీలున్నాయి. అమెరికాలోని వంగూరి ఫౌండేషన్ ఉగాదికి రచనల పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. ఏ పత్రిక ఎటువంటి కథను ఆదరిస్తుందో తెలియాలంటే చదవడం తప్ప వేరు మార్గం లేదు. అందుకు 1990 నుండి వెలువడిన ‘కథ’ వార్షిక సంకలనాలు, 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం సేకరణ ఎంతగానో తోడ్పడతాయి.

పోటీకి పంపేముందు నిబంధనలను రెండుమార్లు చదవాలి. నిడివి, గడువు తేదీ, హామీపత్రం—వీటిలో ఏది తప్పినా కథ పరిశీలనకు రాకుండానే పోవచ్చు. రచన సొంతమనీ, మరెక్కడా ప్రచురణకు గాని పరిశీలనకు గాని లేదనీ ఇచ్చిన హామీకి రచయిత కట్టుబడి ఉండాలి. నిర్వాహకులు కోరేది ఒక్కసారి ప్రచురించుకొనే హక్కో, సర్వహక్కులో గమనించాలి. రేపు ఆ కథ గుజరాతీలోకి అనువాదం కావాలన్నా, పుస్తకంగా రావాలన్నా ఆ ఒక్క వాక్యమే అడ్డు నిలువవచ్చు. ప్రవేశ రుసుము అడిగితే, బహుమతి ఎంత, నిర్ణేతలెవరు, గత విజేతల కథలు ఎక్కడ అచ్చయ్యాయి అని విచారించడం తప్పుకాదు. ప్రతి కథకు నకలు దాచుకొని, పంపిన చోటు, తేదీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి.

తిరిగివచ్చిన కథ చెడ్డకథే కానక్కరలేదు. అది ఆ సంచికకు సరిపడకపోయి ఉండవచ్చు. మరొక్కసారి చదివి, లోపముంటే సరిదిద్ది, మరొక చిరునామా వ్రాయడమే చేయదగిన పని. నేసిన చీర ఇంట మడతపెట్టి ఉంచితే దాని వెల ఎవరికి తెలుస్తుంది? ఈ సంగతి సూరత్ మగ్గం ముందు నిలిచిన ఆ యువకుడికి వేరే చెప్పనక్కరలేదు.