మోకాలు నేర్పిన విద్య

పేరుపొందిన ఆటగాడు ఆట మానగానే మంచి శిక్షకుడవుతాడన్న నమ్మకం మన క్రీడారంగంలో లోతుగా పాతుకుపోయింది. చరిత్రలో దానికి దొరికే ఆధారం మాత్రం అంతంతమాత్రమే. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ పోటీ అయిన ఎన్‌బీఏలో ఆటగాడిగా ఐదుసార్లు విజేత జట్టులో నిలిచిన మేజిక్ జాన్సన్, 1994లో తన పాత జట్టు లేకర్స్‌కే శిక్షకుడిగా వచ్చి, 16 ఆటల్లో ఐదింటిని మాత్రమే గెలిపించి తప్పుకున్నాడు. మైకేల్ జోర్డాన్ ఆ పని జోలికే పోలేదు. జోర్డాన్‌తో ఒకే జట్టులో ఆడిన స్టీవ్ కెర్ అంత గొప్ప ఆటగాడు కాడు. ఎక్కువ కాలం బెంచీ మీద కూర్చుని, పిలిచినప్పుడు లేచి వెళ్లి నాలుగు బంతులు బుట్టలో వేసి వచ్చినవాడు. పైగా 1986లో స్పెయిన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మోకాలి లిగమెంటు, అంటే తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే బంధం, తెగి ఒక సీజనంతా ఆటకు దూరమైనవాడు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టును 2015, 2017, 2018, 2022 సంవత్సరాల్లో విజేతగా నిలిపి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చిపెట్టిన శిక్షకుడు ఇతడే. ఆడుతూనే శిక్షణ కూడా ఇస్తూ 1968, 1969లలో బోస్టన్‌ను గెలిపించిన బిల్ రసెల్ లాంటి మహా ఆటగాళ్లు లేకపోలేదు గానీ, వాళ్లను చూసి సూత్రం కట్టడం కుదరదు.

మన దేశంలో బాస్కెట్‌బాల్‌ను నమ్ముకుని బతికే వృత్తి నిలదొక్కుకోలేదు. రైల్వేలోనో, సైన్యంలోనో, బ్యాంకులోనో క్రీడాకారుల కోటాలో ఉద్యోగం దొరికితే దాన్ని ఆధారం చేసుకుని ఆడటం, వయసు మళ్లాక పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థలో డిప్లొమా చేసి శిక్షకుడు కావడం ఇక్కడి ఆటగాళ్లకు తెలిసిన బాట. అందువల్ల ఆటగాడు శిక్షకుడిగా మారే తీరును తెలుగునాట పరిశీలించదలిస్తే బాస్కెట్‌బాల్ కంటే బ్యాడ్మింటన్‌లోనే నిండైన ఉదాహరణ దొరుకుతుంది. ఆ ఉదాహరణ పుల్లెల గోపీచంద్.

1973 నవంబరు 16న అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్ మొదట క్రికెట్ మీద మనసుపడి, అన్న రాజశేఖర్ ప్రోద్బలంతో షటిల్ పట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఆడేవాళ్లే, అన్న ఐఐటీలో సీటు సంపాదించి చదువు వైపు వెళ్లగా, ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలో నెగ్గని తమ్ముడు ఆటలోనే మిగిలాడు. హైదరాబాదులో హమీద్ హుస్సేన్, ఆ తరువాత ఎస్.ఎం. ఆరిఫ్, బెంగళూరులో ప్రకాశ్ పదుకొనె, గంగూలీ ప్రసాద్ అతనికి గురువులు. వీరిలో ఆరిఫ్ తానూ ఆటగాడిగా మొదలై, పటియాలాలో శిక్షణ పొంది, జీవితమంతా శిక్షకుడిగానే గడిపినవాడు. గోపీచంద్‌లో తరువాత కనబడిన శిక్షకుడి గుణాలకు మూలం వెతికేవారు, ప్రపంచం ఎరిగిన పదుకొనె దగ్గర ఆగిపోకుండా, హైదరాబాదు ఫతే మైదాన్‌లో పొద్దున్నే పిల్లలను నిలబెట్టి నేర్పిన ఈ ఉపాధ్యాయుడి దాకా వెళ్లవలసి ఉంటుంది.

1994లో ఒక డబుల్స్ ఆట మధ్యలో తోటి ఆటగాడిని ఢీకొని గోపీచంద్ మోకాలు మెలితిరిగి, లిగమెంటు తెగింది. ఆ తరువాత ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగాయి. బ్యాడ్మింటన్‌లో మోకాలి మీద పడే భారం చూసేవారి కంటికి సులభంగా ఆనదు. నెట్ దగ్గర రాలుతున్న షటిల్‌ను అందుకోవడానికి ఆటగాడు రాకెట్ పట్టిన చేతి వైపు కాలితో పెద్ద అంగ వేసినప్పుడు, ముందు మడమ నేలకు తగిలి, ఆ వెంటనే శరీరం బరువంతా వంగిన మోకాలి మీదికి వస్తుంది. మోకాలు పాదం దిశలోనే ఉంటే బరువు తొడ కండరాలు మోస్తాయి, లోపలికి ఒరిగితే లిగమెంటు మోయాలి. దెబ్బ తగలని ఆటగాడికి ఈ సంగతి తెలియవలసిన అవసరమే రాదు, శరీరం తనంతట తానే చేసుకుపోతుంది. దెబ్బ తిన్నవాడు మాత్రం ప్రతి అంగనూ ఆలోచించి వేయాలి, ఎక్కడ నిలబడితే తక్కువ పరుగుతో షటిల్ అందుతుందో లెక్కగట్టాలి. చేసే పనిని ముక్కలుగా విడదీసి మరొకరికి చెప్పగలగడమే శిక్షకుడి విద్య అనుకుంటే, గోపీచంద్ దానికి ఓనమాలు దిద్దింది అకాడమీ తెరిచాక కాదు, ఊతకర్ర పట్టుకున్న ఆ నెలల్లోనే.

ఆ మోకాలితోనే అతడు 1996 నుంచి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ విజేత అయ్యాడు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్లో డెన్మార్క్‌కు చెందిన పీటర్ గేడ్‌నూ, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌నూ 15-12, 15-6 తేడాతో ఓడించి, 1980లో పదుకొనె గెలిచిన ఆ టైటిల్‌ను భారతదేశానికి రెండోసారి తెచ్చాడు. ఆ అంకెలను నేటి పాఠకుడు సరిగా చదవాలంటే ఒక వివరం తెలియాలి: అప్పటి పద్ధతిలో సర్వీసు చేసినవాడికే పాయింటు దక్కేది, ఎదుటివాడు ఆ ర్యాలీ గెలిస్తే సర్వీసు మాత్రమే చేతులు మారేది. ఓపిక పట్టి కాచుకునేవాడికి అది అనువైన ఆట. 2006లో ఎవరు ర్యాలీ గెలిస్తే వారికే పాయింటు దక్కే 21 పాయింట్ల పద్ధతి వచ్చింది, ఆట వేగం పెరిగింది. గోపీచంద్ జాతీయ శిక్షకుడైనది అదే ఏడాది కావడం గమనించదగ్గ విషయం. తాను గెలిచిన ఆట వేరు, నేర్పవలసిన ఆట వేరు. తన ఆటను నమూనాగా పెట్టి పిల్లలను దానిలోకి ఒదిగించే అవకాశం అతనికి లేకుండా పోయింది. అది మేలే అయింది.

2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో లీజుకిచ్చిన ఐదెకరాల్లో, ఇల్లు తాకట్టు పెట్టి, విరాళం పోగుచేసి కట్టిన అకాడమీ 2008లో ప్రారంభమైన కథ చాలాసార్లు చెప్పుకున్నదే. దానికంటే శ్రద్ధగా చూడవలసింది అక్కడి దినచర్య. తెల్లవారకముందే మొదలయ్యే సాధనలో శిక్షకుడు ఎడమచేతి మీద వరుసగా పేర్చుకున్న షటిళ్లను ఒకదాని వెంట ఒకటి, ఆటగాడికి ఊపిరి తిప్పుకునే సందివ్వకుండా, కోర్టు నాలుగు మూలలకూ కొడుతూ పోతాడు. ఆటగాడు ప్రతిసారీ మధ్యకు తిరిగి వచ్చి మళ్లీ పరుగెత్తాలి. చూడటానికి మొరటుగా కనిపించే ఈ సాధనలో శిక్షకుడి చూపు రాకెట్ మీద ఉండదు, పాదాల మీద ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం ఈ పాదాల పనికి దక్కిన ఫలితాలే. (రియో ముందు సింధు చేతి నుంచి ఫోను లాక్కున్న ముచ్చటకు పత్రికలు ఇచ్చిన చోటులో పదోవంతు ఈ పాదాలకు ఇవ్వలేదు.) పారుపల్లి కశ్యప్, గురుసాయిదత్ అక్కడే ఎదిగి, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, కాంస్యం గెలిచి, తరువాత తామూ శిక్షకులు కావడం పతకాల కంటే తక్కువ విషయం కాదు.

లోపాలు లేవని కాదు. జాతీయ ప్రధాన శిక్షకుడే సొంత అకాడమీ నడపడం సబబేనా అన్న ప్రశ్న మొదటినుంచీ ఉన్నది, దానికి సూటి సమాధానం రాలేదు. 2014లో సైనా బెంగళూరులో శిక్షకుడు విమల్ కుమార్ దగ్గరికి వెళ్లి మూడేళ్లకు తిరిగి వచ్చింది; టోక్యోలో కాంస్యం గెలిచేనాటికి సింధు కొరియా శిక్షకుడు పార్క్ తే సాంగ్ దగ్గర సాధన చేస్తున్నది. ఒకే మనిషి చుట్టూ అల్లుకున్న వ్యవస్థలో పదిమంది మేటి ఆటగాళ్లకు అతడి సమయం పంచడం సాధ్యం కాదు. ఇది వ్యక్తి తప్పు కంటే, అతడి కింద ఉండవలసిన రెండో వరుస శిక్షకులు దేశంలో తయారు కాకపోవడం వల్ల వచ్చిన చిక్కు.

ఆ రెండో వరుస ఎంత అవసరమో శ్రీ సత్యసాయి జిల్లా ఓబులదేవరచెరువు నుంచి చూస్తే మరింత స్పష్టంగా తెలుస్తుంది. జనం ఓడీ చెరువు అని పిలిచే ఈ మండల కేంద్రం కదిరి నుంచి హిందూపురం పోయే దారిలో ఉంది. అయిదు గ్రాములున్న షటిల్ ఆషాఢం గాలికి ఆరుబయట నిలవదు. కప్పున్న కోర్టు, దానికంటే ముందు ఆ ఆట ఎరిగిన మనిషి కావాలి. బడిలో ఉండే వ్యాయామ ఉపాధ్యాయుడు కబడ్డీ నుంచి పరుగుపందెం దాకా అన్నీ కొద్దికొద్దిగా నేర్చినవాడు. ఒక ఆటలో పిల్లల మోకాలు ఎటు ఒరుగుతోందో పట్టుకునే శిక్షణ అతని చదువులో భాగం కాదు. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో 2010లో రాఫెల్ నడాల్ పేరిట టెన్నిస్ బడి వెలిసినట్టు, బయటి దాతల చలవతో ఒకటి రెండు చోట్ల వసతులు ఏర్పడవచ్చు గానీ మండలం మండలానికీ నడాల్ రాడు.

2025 ఫిబ్రవరిలో గోపీచంద్, డబ్బున్నవారో కుటుంబ వ్యాపారం ఉన్నవారో అయితే తప్ప పిల్లలను ఆటనే వృత్తిగా నమ్ముకునేలా చేయవద్దని చెప్పినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. వేరుశనగ వేసి వాన కోసం ఎదురుచూసే ఇంటికి, మగ్గం మీద బతికే ధర్మవరం ఇంటికి ఆ మాటలో కొత్తేమీ లేదు. ఒక జూదం ఆడుతున్న ఇల్లు రెండోది ఆడలేదు. అయితే ఆ హెచ్చరిక ఆటగాడి బతుకును గెలుపుతోనే కొలుస్తున్నది. రాష్ట్రస్థాయి దాకా వచ్చి ఆగిపోయిన ఆటగాళ్లను, ముఖ్యంగా గాయాలతో ఆగినవారిని, ప్రభుత్వ ఖర్చుతో పటియాలాకు పంపి, తిరిగి వచ్చాక మండలానికొక్కరిని జీతమిచ్చి నియమిస్తే, అంత దూరం వచ్చి ఓడిపోయినవాడికి కూడా ఆటలో బతుకుదెరువు దొరుకుతుంది. ఇందుకు ఐదెకరాల అకాడమీలు అక్కరలేదు. ఇప్పుడున్న ఉన్నత పాఠశాలల మైదానాలూ, బడ్జెట్‌లో ఒక కొత్త పద్దూ చాలు.