జైరో లేని విమానం ఒక్కటైనా ఉండాలి

మూడు మీటర్ల రెక్కలు, దాదాపు 18 కిలోల బరువు, 150 సీసీ పెట్రోల్ ఇంజన్. ఇది పల్సర్ గురించి అనుకునేరు, రెక్కలు చూసి ఆగండి. రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానం ఇది. దీన్ని "బొమ్మ" అనడానికి నాకు నోరు రావట్లేదు గానీ ఇంకో తెలుగు మాట దొరకలేదు. మన సాహితీ క్లబ్బులో ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఈ పెద్ద ఏరోబాటిక్ మోడల్స్ చేసే పనుల్లో నాకు పిచ్చెక్కించేది హోవర్. ముక్కు నేరుగా ఆకాశం వైపు, తోక నేలకి మీటరు ఎత్తులో, విమానం అక్కడే నిలబడిపోతుంది. రెక్కలకి పని లేదు, మొత్తం బరువుని ప్రొపెల్లరే మోస్తుంది. ప్రొపెల్లర్ ఒకవైపు తిరుగుతుంటే విమానం రెండోవైపు తిరగాలని చూస్తుంది. న్యూటన్ మూడో సూత్రం, ఇంటర్లో మనమంతా బట్టీ పట్టిందే. దాన్ని అలా తిరగనిస్తే అదే టార్క్ రోల్.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. విమానం వీపు మనవైపు ఉన్నప్పుడు రడ్డర్ ఎడమకి కొడితే ముక్కు మనకి ఎడమవైపే వాలుతుంది. అది తిరిగి పొట్ట మనవైపు వచ్చాక, అదే ఎడమ స్టిక్‌కి ముక్కు కుడికి వాలుతుంది. అంటే బుర్రలో ఒక మైనస్ గుర్తు ప్రతి నాలుగైదు సెకన్లకి వస్తూ పోతూ ఉండాలి. ఒక్కసారి లేటైతే లక్షలు ఖర్చుపెట్టి కట్టిన బాల్సా చెక్క పుల్లలైపోతుంది.

ఇంత పెద్దది ఎందుకు, చిన్నదాంతో చేయొచ్చు కదా అని అడుగుతారు. చేయొచ్చు. కానీ చిన్నది గాలికి కాగితంలా ఊగుతుంది, పెద్దది తన బరువుతో గాలిని పెద్దగా పట్టించుకోదు. ఇందులో లెక్క కూడా బాగుంటుంది. జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా డిజైన్ చేసిన ఎక్స్‌ట్రా 300 అనే అసలు విమానం ఉంది. పైలట్ కూర్చుని నడిపేది, ఖాళీ బరువు 650 కిలోల దగ్గర. దాన్ని 40 శాతానికి తగ్గిస్తే పొడవులు 0.4 రెట్లు, బరువు 0.4 ఘనం, అంటే 0.064 రెట్లు. లెక్క ప్రకారం 41 కిలోలు దాటాలి. మోడల్ చేసేవాళ్లు బాల్సా, ప్లైవుడ్, కార్బన్ ఫైబర్ గొట్టాలతో దాన్ని 18 కిలోలకి తెస్తారు. అందుకే అసలు విమానం చేయలేని హోవర్‌ని ఈ మోడల్ నిమిషాల తరబడి చేస్తుంది.

ఈ హాబీ బాగా పెరిగింది అమెరికాలో. లాస్ వెగాస్‌లో సర్కస్ సర్కస్ కసీనో నడిపిన బిల్ బెనెట్ 1974లో టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్ అని మోడల్ విమానాల పోటీ పెట్టాడు. 2002 దాకా నడిచింది. జూదం డబ్బుతో ఇంత మంచి పని జరగడం నాకు భలే నచ్చింది. ఇప్పుడు అక్కడ ముఖ్యమైన పోటీలు ఇంటర్నేషనల్ మినియేచర్ ఏరోబాటిక్ క్లబ్ వాళ్లవి, పొట్టిగా ఐమాక్. బేసిక్ నుంచి అన్‌లిమిటెడ్ దాకా ఐదు తరగతులు. ఏ విన్యాసం ఎలా చేయాలో కాగితం మీద గీసి ఇస్తారు. స్పెయిన్ పైలట్ హోసే లూయిస్ అరెస్తి తయారుచేసిన గుర్తులవి. చిన్న నల్ల చుక్క దగ్గర మొదలు, చిన్న అడ్డగీత దగ్గర ఆఖరు, తలకిందులుగా ఎగరాల్సిన చోట గీత ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నాకైతే అది ఒక లిపి. జడ్జి పది మార్కులతో మొదలుపెట్టి ఐదు డిగ్రీల తేడాకి అర మార్కు చొప్పున కోస్తాడు.

అన్నింటికంటే నాకు నచ్చిన రౌండ్ పేరు అన్‌నోన్. ఎవరూ ముందు చూడని వరస ఒకటి చేతికిస్తారు. విమానంతో ప్రాక్టీస్ చేయకూడదు, సిమ్యులేటర్‌లో కూడా చేయకూడదు. అందుకే పెద్ద పెద్ద వాళ్లు పుల్లకి గుచ్చిన చిన్న విమానాన్ని చేత్తో తిప్పుకుంటూ, తమలో తాము గొణుక్కుంటూ నడుస్తుంటారు. మన ఊళ్లో ఎవరైనా చూస్తే దిష్టి తీయించమంటారు.

ఇంకో రూల్ కూడా ఉంది. ఈ పోటీల్లో విమానంలో జైరో ఉండకూడదు. నేనిది రాస్తున్నదే ఆ రూల్ కోసం.

జైరో అంటే విమానం ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సర్. దాని వెనకున్న ప్రోగ్రామ్ సెకనుకి వందలసార్లు సరిదిద్దుతుంది. మన వేళ్లకి అంత వేగం ఎప్పటికీ రాదు. ఆర్డుపైలట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లువా స్క్రిప్ట్ రాసి లూపులు, రోల్స్ అన్నీ దానితోనే చేయించొచ్చు. సీఎస్ స్టూడెంట్‌గా అది చూస్తే నాకూ చేతులు దురద పెడతాయి. కానీ మెషీన్ బాగా చేస్తుంది కాబట్టి మనిషి మానేయాలి అంటే, చదరంగంలో కంప్యూటర్ ఎప్పుడో గెలిచేసింది. అయినా 2024లో కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిస్తే మనమంతా స్టేటస్ పెట్టుకున్నాం కదా.

మన క్యాంపస్‌కి వద్దాం. మా ఏరో క్లబ్బులో ఉన్న విమానాలన్నిటిలో ఫ్లైట్ కంట్రోలర్ ఉంది. స్టిక్ వదిలేస్తే దానంతటదే తిన్నగా అవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రోజే ఎగరేస్తారు, వీడియో తీస్తారు, చాలా బాగుంటుంది. సెమిస్టర్ అంతా ఎగరేశాక ఒక జూనియర్ "స్టాల్ అంటే ఏంటి?" అని అడిగాడు. తప్పు వాడిది కాదు. కంట్రోలర్ ఎప్పుడూ అక్కడిదాకా పోనివ్వలేదు.

డిసెంబర్లో ఒకరోజు గాల్లో ఉండగానే సెన్సర్ తప్పుడు రీడింగులు ఇచ్చింది. విమానం ఒక పక్కకి ఒరిగిపోతూనే ఉంది. మాన్యువల్‌కి మార్చి దింపగలిగింది అక్కడున్న పదకొండు మందిలో ఒక్కరే, ఫైనల్ ఇయర్ అన్న. ఆయన మేలో వెళ్లిపోతారు. ఆ తర్వాత మా క్లబ్బులో చేత్తో విమానం దింపేవాళ్లు సున్నా. గ్రౌండ్ పక్కనే హాస్టల్ మెస్ ఉందని గుర్తుచేస్తున్నా.

ఈసారి ఫండ్స్ మొత్తం ఆటోపైలట్ డ్రోన్లకే పెడదాం, రెజ్యూమెలో పనికొస్తుంది అని చాలామంది అంటున్నారు. నిజమే, పనికొస్తుంది. డ్రోన్లు వద్దని నేననట్లేదు, వాటి కోడ్‌లో సగం నేను కూడా రాస్తున్నా. నేను అడిగేది ఒక్క విమానం. మూడు మీటర్లది మన తాహతు కాదు. రెండు మీటర్ల రెక్కలు, 35 సీసీ ఇంజన్, ఎవరో వాడి అమ్మేసిందైనా సరే. జైరో మాత్రం ఉండకూడదు.

ప్రమాదం కదా అంటారు. అవును, ప్రొపెల్లర్ వేళ్లు తీసేస్తుంది. అందుకే క్యాంపస్‌లో వద్దు, ఊరి బయట ఎండిన చెరువులో ఎగరేద్దాం. 2021 డ్రోన్ రూల్స్‌లో చదువుకో, సరదాకో కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్స్‌కి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదని ఉంది. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చెరువు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి, 400 అడుగులు దాటకూడదు. నేర్చుకునేవాడి రిమోట్‌ని అన్న రిమోట్‌కి కలిపితే చెయ్యి జారినప్పుడు ఆయన ఒక్క స్విచ్‌తో కంట్రోల్ తీసుకోవచ్చు.

మే దాకా ఇంకా పద్నాలుగు ఆదివారాలు ఉన్నాయి. పొద్దున ఆరింటికి గాలి తక్కువ ఉంటుంది. విమానం వచ్చేలోపు సిమ్యులేటర్‌లో హోవర్ మొదలుపెట్టండి. కేబుల్ నా రూమ్‌లోనే ఉంది, వచ్చి పట్టుకెళ్లండి.