పాత కారు అమ్మే ముందు ఆ ఒక్క పట్టీ చూడండి

నాలుగు నెలలపాటు మా ఇంట్లో ఒకటే గొడవ. మావయ్యగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంచాలా, పాత ఇనుముకి ఇచ్చెయ్యాలా అని. అమ్మేద్దామని మావారి పట్టు. ఆ మాట ఎత్తినప్పుడల్లా అత్తయ్యగారు ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. మావయ్యగారు పోయి రెండేళ్ళయింది. కార్తీక సోమవారాల్లో ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రేవుకి స్నానానికి ఇద్దరూ ఆ కారులోనే వెళ్ళేవారు. పక్కసీటు ఆవిడది.

హెరాల్డ్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని మన మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ పేరుతో తయారుచేశారు. దాని చట్రాన్నే కురచ చేసి 1962లో అక్కడ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారు. రెండిటికీ రూపం దిద్దింది ఇటలీ ఆయన మికెలొట్టీ. బానెట్టు ముందుకి తెరుచుకుంటే ఇంజిన్ మొత్తం కనిపిస్తుంది. మావయ్యగారికి అదే ముచ్చట.

ఇక జబ్బు సంగతి. సెల్ఫ్ కొడితే నీరసంగా మూలిగేది, ఒక్కోసారి టక్కుమని ఊరుకునేది. హారన్ నొక్కితే లైట్లు మసకబారేవి. రోడ్డెక్కాక ఇంజిన్ మిస్సింగ్. మెకానిక్కు చెప్పినట్టల్లా కొత్త బ్యాటరీ వేయించాం, కాయిల్ మార్పించాం, సెల్ఫ్ మోటారు విప్పించి చుట్టించాం. బిల్లు పెరిగింది గానీ జబ్బు అలాగే ఉంది.

ఒకరోజు మావారు సెల్ఫ్ కొడుతుంటే నేను చోక్ లాగాను. నాబ్ చురుక్కుమంది. పొయ్యి మీంచి దించిన గరిటె కాడలా ఉంది. "ఏవండీ, ఇది కాలుతోంది" అన్నాను. "ఎండకి అయ్యుంటుందిలే" అన్నారు. అప్పుడు ఉదయం ఏడు. మెకానిక్కుకి చెబితే నవ్వి, "అదేం లేదమ్మా" అని మావారి వైపు తిరిగి మాట్లాడాడు. అత్తయ్యగారు మాత్రం, "మీ మావయ్యగారు ఉన్నప్పుడు అది ఎప్పుడూ కాల్లేదు అమ్మాయ్" అన్నారు. ఆ మాట నాకు పట్టుకుంది.

రామచంద్రపురంలో డైనమోలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని తెలిసి కబురు పెట్టాం. వచ్చి కూర్చుని, "ఏం గమనించారమ్మా?" అని నన్నే అడిగారు. నాబ్ సంగతి చెప్పగానే తల ఊపి సంచీలోంచి మీటరు తీశారు.

కరెంటు బ్యాటరీలోంచి బయలుదేరితే చాలదు, తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారినే ఎర్తు అంటారు. హెడ్‌లైట్ లాగేది నాలుగైదు ఆంపియర్లే, సెల్ఫ్ మోటారు వందకి పైన లాగుతుంది. ఇంజిన్ రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి దాన్ని కలపడానికి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. మన కోనసీమ తేమకి ఆ పట్టీ చివర పచ్చగా చిలుము పట్టి, బోల్టు కింద తుప్పు పేరుకుపోయింది. దారి మూసుకుపోయేసరికి అంత కరెంటూ సన్నటి చోక్ కేబుల్ గుండా తిరిగొస్తోంది. నా చెయ్యి కాలింది అందుకే.

ఆయన చేసిన పరీక్ష మీ ఇంట్లోనూ చేయించవచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ అంటుకోకుండా కాయిల్ వైరు పీకి, మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ కొమ్ముకీ రెండోది ఇంజిన్ ఇనుముకీ ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు లోపు చూపిస్తే ఎర్తు బాగున్నట్టు. మాది నాలుగు దాటింది. పాత ఇంగ్లీషు కార్లు కొన్నిటిలో మైనస్‌కి బదులు ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది, ముందు అది చూసుకోవాలి. బ్యాటరీ వైరు విప్పి, బోల్టు చోటంతా ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ బిగించి, పైన వేసలైన్ రాశారు. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

మిస్సింగ్ మాత్రం పోలేదు. అదెప్పుడొస్తుందని అడిగారు. "యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు" అన్నాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల పాయింట్లున్న పలకని ఎర్తుకి కలిపే బుల్లి తీగ పోగులు తెగి వేళ్ళాడుతోంది. తొక్కినప్పుడల్లా ఆ పలక కాస్త తిరుగుతుంది, తీగ తగులుతూ వదులుతూ ఉంటుంది. అదీ ఎర్తే! పట్టీ, తీగ రెండిటికీ కలిపి చీరకి ఫాల్ కుట్టించినంత ఖర్చు కూడా కాలేదు.

ఇంతకీ నేను చెప్పదలచింది ఇదీ. వస్తువు చెడితే కొత్త భాగం కొనడానికి మనం ముందు పరుగెడతాం. తిరుగుదారి బాగుందా అని ఎవరూ చూడరు. దానికంటే పెద్ద తప్పు, పక్కసీట్లో కూర్చున్నవాళ్ళ మాట లెక్కలోకి తీసుకోకపోవడం. కాయిల్ పేరు నాకు తెలియకపోవచ్చు, ఏది ఎప్పుడు కాలిందో తెలుసు. పాలు పొంగబోతున్నాయని చప్పుడు బట్టి చెప్పే మనకి ఇంజిన్ చప్పుడు మారితే తెలియదా? తెలుస్తుంది. కాకపోతే "నాకేం తెలుసు" అని మనమే ముందు అనేసుకుంటాం. ఇక నుంచి అలా అనకండి. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో వరసగా చెప్పండి. వినేదాకా చెప్పండి. నేను రెండోసారి చెప్పకపోయి ఉంటే ఈపాటికి ఆ కారు తూకానికి వెళ్ళిపోయేది.

మావారు ఇప్పుడు అమ్మకం మాట ఎత్తడం లేదు. మొన్న సోమవారం కోటిపల్లి వెళ్ళాం. అత్తయ్యగారు తన సీట్లోనే కూర్చున్నారు. దారిలో చోక్ నాబ్ ఒకసారి తాకి చూసి, "చల్లగానే ఉంది" అన్నారు.