రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో ఎస్సీ, రాయ్‌పూర్ సర్కారు కాలేజీలో జనరల్

భిలాయ్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. బయాలజీతో పన్నెండో తరగతి పాసైంది. బీఎస్సీ నర్సింగ్ చదువుతానంటోంది. ఏ కాలేజీ మంచిదని అడుగుతుందనుకున్నాను. కానీ తను దరఖాస్తులో ఒక గడి దగ్గరే ఆగిపోయింది.

"అన్నియ్యా, ఎయిమ్స్ ఫారంలో ఎస్సీ అని పెట్టాను. రాష్ట్రం పరీక్ష ఫారంలో కూడా అదే పెట్టబోతే నెట్ సెంటర్ అతను వద్దన్నాడు. మీ ఆంధ్రావాళ్ళు ఇక్కడ జనరలే కదా అన్నాడు. నిజమేనా?"

నిజమే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేను హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్సీ సీటులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నేను పుట్టి పెరిగిన భిలాయ్‌లో మాత్రం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి నేను ఎస్సీని కాను.

మాది శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చిన మాల కుటుంబం. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరాక భిలాయ్ ఉక్కు కర్మాగారం పని మొదలైంది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణం రోజుల్లో తట్టలు మోయడానికి వచ్చినవాళ్ళలో మా తాత ఒకడు. నాన్నకు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం దొరికింది. బాబాయి ఆ తర్వాత చాలా ఏళ్ళకు వచ్చి ఠేకేదారు కింద కూలీగానే ఉండిపోయాడు. జొనాథన్ పారీ భిలాయ్ మీద రాసిన 'క్లాసెస్ ఆఫ్ లేబర్'లో నౌకరీ ఉన్నవాళ్ళకూ, ఉట్టి కామ్ మాత్రమే ఉన్నవాళ్ళకూ మధ్య పెరిగిన దూరం గురించి చదివినప్పుడు నాకు మా రెండిళ్ళే గుర్తొచ్చాయి. మాకు సెక్టార్-9 ఆసుపత్రి మెడికల్ బుక్ ఉండేది. పిన్ని వాళ్ళకు లేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే 1950 ఆగస్టు 10 నాటికి మీ పూర్వీకులు ఆ ప్రాంతంలో ఉన్నట్టు ఆధారం చూపాలి. మిసల్ అనే పాత భూమి రికార్డు తెమ్మంటారు. 1950 నాటికి భిలాయ్‌లో ప్లాంటే లేదు. ప్లాంటు కట్టడానికి వచ్చినవాడిని, ప్లాంటు పుట్టకముందు ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపమంటే ఏం చూపిస్తాడు? పైగా అక్కడి ఎస్సీ జాబితాలో మా కులం పేరే లేదు. ఉన్నా లాభం లేదు. రెండు రాష్ట్రాల జాబితాల్లో ఒకే కులం పేరు ఉన్నంత మాత్రాన వలస వచ్చినవాళ్ళకు ఆ హోదా రాదని సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది.

అంతకన్నా ముందు 1990లో వచ్చిన తీర్పు ఒక తెలుగు కుర్రాడి కేసులోదే. మర్రి చంద్రశేఖర్ రావు తెనాలిలో పుట్టాడు. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఎరువుల సంస్థలో ఎస్టీ కోటాలోనే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం బొంబాయికి మారింది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు అక్కడే పెరిగి, ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగితే, నీ తెగ మహారాష్ట్ర జాబితాలో లేదన్నారు. రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. రాజ్యాంగం 341, 342 అధికరణల్లో 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అన్న మాట ఉంది కాబట్టి హోదా సరిహద్దు దాటదంది. 2018లో బీర్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ సూత్రాన్ని మళ్ళీ నిలబెట్టింది.

అందుకే మా చెల్లికి రాయ్‌పూర్‌లోనే రెండు గుర్తింపులు. ఎయిమ్స్ కేంద్ర సంస్థ కాబట్టి, తండ్రి సొంత రాష్ట్రం సర్టిఫికెట్ ఆధారంగా అక్కడ ఎస్సీ. అదే నగరంలో ఉన్న ప్రభుత్వ నర్సింగ్ కాలేజీకి వస్తే జనరల్. పోనీ ఆంధ్రకు వెళ్దామంటే, 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా వాటికీ నివాస షరతులున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఆమెకు స్థానికత ఉంది, కులం లేదు. ఆంధ్రలో కులం ఉంది, స్థానికత లేదు.

ఇక మిగిలేది ప్రైవేటు కాలేజీ. అసలు నర్సింగ్ కాలేజీ అంటే ఏమిటో ఇక్కడే మాట్లాడుకోవాలి.

నర్సింగ్ మంచాల దగ్గర నేర్చుకునే చదువు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెప్పేది కూడా అదే. కాలేజీకి మాతృ ఆసుపత్రి ఉండాలి. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు, పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలి. రోగుల్లేని ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో ప్రొజెక్టరు ఎంత కొత్తదైనా, ల్యాబులో బొమ్మ ఎంత ఖరీదైనదైనా ఉపయోగం లేదు. బొమ్మకు ఇంజెక్షన్ నొప్పి తెలియదు. కాన్పు మధ్యలో దానికి రక్తస్రావం కాదు.

మా బంధువుల్లోనే ఒక అక్కను ఏజెంటు మాట నమ్మి వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీలో చేర్పించారు. చేరిన రోజే ఒరిజినల్ మార్కుల మెమోలు తీసేసుకున్నారు. పోస్టింగులు ఎక్కువగా రికార్డు పుస్తకంలోనే జరిగాయి. చూడని కాన్పుల లెక్క కూడా రాయించారు. మధ్యలో మానేస్తానంటే నాలుగేళ్ళ ఫీజూ కడితేనే మెమోలు ఇస్తామన్నారు. చదువు పూర్తయ్యాక మొదటి ఉద్యోగంలో సెలైన్ ఎక్కించడానికి చేతులు వణికాయని తనే చెప్పింది. తప్పు తనది కాదు. ఆ నాలుగేళ్ళలో తన చేతికి మంచం దగ్గర పని దొరకలేదు.

అందుకే చెల్లికి నేను చెప్పిందేమిటంటే, కాలేజీ కన్నా ముందు దాని ఆసుపత్రిని చూడు. ఉదయం పూట వెళ్ళి వార్డుల్లో ఎన్ని మంచాల మీద మనుషులున్నారో లెక్కపెట్టు. నెలకు ఎన్ని కాన్పులవుతాయో లేబర్ రూమ్ సిస్టర్‌ను అడుగు. మూడో ఏడు, నాలుగో ఏడు అమ్మాయిలతో క్యాంటీన్‌లో మాట్లాడు, ప్రిన్సిపాల్ గదిలో కాదు. స్టేట్ నర్సింగ్ కౌన్సిల్, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, యూనివర్సిటీ అనుమతులు ఈ ఏడాదికి ఉన్నాయా, ఎన్ని సీట్లకు ఉన్నాయో చూడు. హాస్టలు, బస్సు, యూనిఫారం, పరీక్ష ఫీజు కలిపి నాలుగేళ్ళ మొత్తం కాగితం మీద రాయించుకో. బాండు రాయమన్నా, ఒరిజినల్స్ అట్టిపెట్టుకుంటామన్నా లేచి వచ్చెయ్.

డిగ్రీయే ఎందుకు, జీఎన్ఎం చాలదా అని పిన్ని అడిగింది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాయాలంటే డిప్లొమా వాళ్ళకు యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం కావాలి. బీఎస్సీ పాసైనవాళ్ళకు ఆ షరతు లేదు. ఇల్లు గడవాల్సిన పిల్లకు ఆ రెండేళ్ళు చిన్నవి కావు.

ఈ సలహాలన్నీ ఎవరికైనా ఇవ్వొచ్చు. తేడా ఒక్కటే. రోగులతో నిండిన మంచాలు ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉంటాయి. ఆ మంచాల మీద పడుకునేది మనవాళ్ళే: ఠేకా కూలీలు, రేజాలు, పాకీ పనివాళ్ళు. మన ఒళ్ళు అక్కడ పాఠానికి పనికొస్తుంది. మన పిల్ల ఆ పాఠం నేర్చుకోవడానికి వస్తే, కులం కాగితం లేదని ఖాళీ మంచాల ప్రైవేటు కాలేజీకి పొమ్మంటారు. అక్కడ ఫీజుకు స్కాలర్‌షిప్ అడగాలన్నా మళ్ళీ అదే కాగితం కావాలి.

ఇందులో ఇంకో వెక్కిరింత ఉంది. మన ఊళ్ళలో మంత్రసానులు చాలాచోట్ల దళిత, చాకలి, మంగలి స్త్రీలే. బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం మైల పని అన్నారు. 1897లో పూణేలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే రోగంతో చనిపోయింది సావిత్రీబాయి ఫూలే. 1946లో వెల్లూరు, ఢిల్లీల్లో నర్సింగ్ డిగ్రీ చదువు మొదలయ్యాక అదే పని వృత్తి అయింది, జీతం వచ్చింది, విదేశాలకు దారి తెరిచింది. మైలగా ఉన్నంతకాలం ఆ పనికి ఎవరూ మమ్మల్ని సర్టిఫికెట్ అడగలేదు.

ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో సత్నామీలు, ఇతర స్థానిక దళితులు తమ వాటా కోసం పోరాడుతున్నారు. 2012లో అక్కడ ఎస్సీ రిజర్వేషన్‌ను 16 శాతం నుంచి 12కు తగ్గించారు. ప్లాంటు కోసం భూములు పోగొట్టుకున్న ఊళ్ళవాళ్ళకు బయటివాళ్ళ మీద కోపం ఉండటంలో న్యాయం ఉంది. వాళ్ళ 12లో మాకు వాటా ఇమ్మని నేను అడగను. దళితులను దళితులతో కొట్లాడించే పరిష్కారం పరిష్కారం కాదు.

బాబాసాహెబ్ దగ్గరా దీనికి రెడీమేడ్ జవాబు లేదు. ఆదివాసీ ఒకరు షెడ్యూల్డ్ ప్రాంతం దాటి వెళ్తే హక్కులు వెంట వస్తాయా అని రాజ్యాంగ సభలో అడిగినప్పుడు, అది జవాబు చెప్పడానికి కష్టమైన ప్రశ్న అన్నాడాయన. ఉన్న రాజ్యాంగం ప్రకారం వెంట రావనీ, తగిన వేదికల్లో లేవనెత్తితే ఒక క్లాజు రూపంలో జవాబు ఇవ్వొచ్చనీ చెప్పాడు. మన వ్యతిరేకులు ఆ మాటలో మొదటి సగం మాత్రమే ఉటంకిస్తారు. 1990 తీర్పు కూడా ఈ విషయంలో తగిన చట్టం గురించి పార్లమెంటు ఆలోచించాలని చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ చట్టం రాలేదు.

కాబట్టి నా డిమాండ్ పరిమితమైనది. కేంద్ర ప్రభుత్వ సంస్థల కోసం దళిత, ఆదివాసీ కార్మికులను రాష్ట్రాలు దాటించింది కేంద్రమే. భిలాయ్, రూర్కెలా, విశాఖ లాంటి ఊళ్ళ చుట్టూ ఉన్న ప్రభుత్వ నర్సింగ్, మెడికల్ కాలేజీల్లో వలస కార్మికుల ఎస్సీ, ఎస్టీ పిల్లలకు స్థానికుల వాటా తగ్గకుండా అదనపు సీట్లు సృష్టించాలి, ఆ ఖర్చు కేంద్రం భరించాలి. పర్మనెంటు ఉద్యోగుల పిల్లలకే కాదు, ఠేకా కూలీల పిల్లలకూ అవి వర్తించాలి. అలాగే ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు పని కోసం బయటికి వెళ్ళిన దళిత కుటుంబాల పిల్లలను స్థానికులుగా చూడాలి. మన విశ్వవిద్యాలయాల్లో రోస్టర్ మీద, ఉపవర్గీకరణ మీద ఎంత చర్చ జరిగినా, సరిహద్దు దాటగానే కాగితం మీద కులం మాయమయ్యేవాళ్ళ గురించి మాట్లాడటం లేదు. బస్తీలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఆ కులం ఎక్కడికీ మాయం కాదు.

2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపు పేలి కాలిపోయిన కార్మికులను సెక్టార్-9 ఆసుపత్రికి తెచ్చారు. చెల్లి అప్పుడు చిన్నపిల్ల. బాబాయి పక్క షిఫ్టులో ఉండి బతికాడు. తోటి కూలీని చూడటానికి వెళ్ళి వచ్చి, బర్న్ వార్డులో సిస్టర్లు కట్లు మార్చే తీరు గురించి ఇంట్లో చాలా రోజులు చెప్పాడు. నర్సు అవుతానని తను అన్నది ఆ తర్వాతే.

ఆ రాత్రి చెల్లి రెండు ఫారాలూ నింపింది. ఒకే ఫొటో, ఒకే సంతకం, ఒకే తండ్రి పేరు. ఒకదాంట్లో ఎస్సీ, ఇంకోదాంట్లో జనరల్. ఇప్పుడు రెండు పరీక్షలకూ చదువుతోంది.