వెనిజెలోసు జీవితము

రాజ్యమును విస్తరింపజేయుట యొకయెత్తు. ఆ రాజ్యమందలి ప్రజల నొక్కతాటిపై నిలుపుట మరియొకయెత్తు. మొదటి కార్యమున అద్భుతవిజయము గాంచి రెండవదానియందు విఫలుడైన రాజ్యతంత్రజ్ఞుని జీవితము దేశభక్తులెల్లరు పరిశీలింపదగినది. గ్రీసుదేశమునకు పలుమారులు ప్రధానమంత్రియైన ఎలెఫ్తెరియోసు వెనిజెలోసు అట్టివాడు.

ఆయన 1864వ సంవత్సరమున, తురుష్క సుల్తాను పాలనమందున్న క్రీటు ద్వీపమున జన్మించెను. ఏథెన్సునగరమున న్యాయశాస్త్రము నభ్యసించి న్యాయవాది యయ్యెను. 1897లో క్రీటు ప్రజలు తిరుగబడినపుడు అక్రోతిరి శిబిరమున వారితో నిలిచెను. ఆ శిబిరముపై ఐరోపా మహారాజ్యముల నౌకలు గుండ్లు కురిపించినవి. మరుసటియేట ద్వీపమునకు స్వపరిపాలనము లభించి, గ్రీసు రాజకుమారుడు జార్జి పాలకుడుగా వచ్చెను. పరరాజు పోయి స్వజాతి రాజకుమారుడు వచ్చినంతమాత్రమున వెనిజెలోసు తృప్తినొందలేదు. నిరంకుశత్వ మెవ్వరిదైనను నిరంకుశత్వమే యని యెంచి, 1905లో థెరిసో గ్రామమునుండి ఆయన నెదిరించెను. మరుసటియేడు రాజకుమారుడు ద్వీపమును వీడెను.

1909లో ఏథెన్సున పాతపక్షముల పాలనముపై విసిగి తిరుగబడిన సేనానులు వెనిజెలోసును పిలిపించిరి. 1910లో ఆయన ప్రధానమంత్రి యయ్యెను. 1911 నాటి రాజ్యాంగ సంస్కరణముచే ప్రాథమికవిద్య నిర్బంధమును ఉచితమును ఆయెను. ఉద్యోగులకు ఉద్యోగస్థిరత్వము కలిగెను. పెద్ద కమతములను ప్రభుత్వము తీసికొని సేద్యగాండ్రకు పంచుటకు త్రోవ యేర్పడెను. పిమ్మట 1912-13 బాల్కను యుద్ధములలో గ్రీసు విస్తీర్ణము రమారమి యినుమడించెను. జనసంఖ్య సుమారు 27 లక్షలనుండి 48 లక్షలకు పెరిగెను. క్రీటు ద్వీపమును మాతృదేశమున జేరెను.

ఇంతటి విజయము వెనువెంటనే గృహచ్ఛిద్రము పొడసూపెను. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు, ఫ్రెంచివారి పక్షమున జేరవలయునని మంత్రియు, తటస్థముగ నుండవలయునని కాన్‌స్టంటైను రాజును పట్టుబట్టిరి. 1915 ఎన్నికలలో ప్రజలు వెనిజెలోసునే గెలిపించినను, రాజు ఆయనను పదవినుండి దిగజేసెను. ఇది రాజుయొక్క అపరాధమని మేము నిస్సంశయముగ జెప్పుదుము. కాని వెనిజెలోసు చేసినదేమి? 1916లో సలోనికాయందు వేరొక ప్రభుత్వమును స్థాపించి, 1917లో పరరాజ్యముల నౌకాబలము రాజును వెడలగొట్టగా ఏథెన్సున అధికారమును గైకొనెను. న్యాయాధిపతుల ఉద్యోగస్థిరత్వమును నిలిపివేసి ప్రతిపక్షీయులను తొలగించెను. తాను నాటిన చెట్టును తానే నరికినట్లాయెను. పరుల ఫిరంగులనీడ లభించిన అధికారము న్యాయమైనదే యైనను, ప్రజల హృదయమున మాయని గాయమును మిగుల్చును.

1920 నాటి సేవ్రు సంధి ఆయన కీర్తికి శిఖరము. స్మిర్నా ప్రాంతపు పరిపాలనము గ్రీసునకు దక్కెను. తురుష్కరాజ్యమును ఛిన్నాభిన్నము చేసిన ఆ సంధియే మనదేశమున ఖిలాఫతు ఉద్యమమును మరింత ప్రజ్వరిల్లజేసిన సంగతి పాఠకు లెరిగినదే. సంధిపై వ్రాలుచేసిన రెండుదినములకే పారిసునగరమున గ్రీకు సైనికోద్యోగు లిద్దరు ఆయనపై కాల్పులు జరిపిరి, ఆయన బ్రదికెను. ఆ నవంబరు ఎన్నికలలో ఆయన పక్షమేగాక ఆయనయు ఓడిపోయెను. రాజు మరల వచ్చెను, యుద్ధము సాగెను. 1922లో గ్రీకుసేనలు ఓడెను, స్మిర్నా దగ్ధమయ్యెను. 1923 ఒడంబడికచే, ముందే పారివచ్చినవారితో గూడ, సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసునకును, సుమారు 4 లక్షల ముస్లిములు తురుష్కదేశమునకును నిరాశ్రయులై తరలిరి. భూపటముపై గీతలుగీయు పెద్దల పొరపాటునకు మూల్యమిచ్చునది తరతరముల యిల్లువాకిళ్లు వీడిపోవు పేదజనమే.

1928లో మరల అధికారమునకు వచ్చిన వెనిజెలోసు పూర్వపు ఆశలను విడిచెను. 1930లో అంకారా వెళ్లి, తనను జయించిన ముస్తాఫా కమాలుతో మైత్రిసంధి చేసికొనెను. 1934లో నోబెలు శాంతిబహుమానమునకు ఆ కమాలు పేరునే సూచించెను. బాల్కను యుద్ధవిజయములకంటె ఇదియే ఆయన ఘనకార్యమని మా యభిప్రాయము.

కాని బయటి శత్రువుతో సంధిచేసికొన్న ఆ మహామంత్రి యింటివారితో సంధి చేసికొనజాలకపోయెను. 1935లో ఆయన పక్షీయుల సైనికతిరుగుబాటు విఫలము కాగా విదేశమునకు బోయెను. పరోక్షమున మరణశిక్ష విధింపబడెను. క్షమాభిక్ష లభించినను స్వదేశమును జూడకయే 1936 మార్చి 18వ తేదీన పారిసున మరణించెను. అల్లరులు చెలరేగునను భయముచే ఆయన భౌతికకాయమును ఏథెన్సునకు గొనిపోక, నేరుగా క్రీటునకు జేర్చి అక్రోతిరిలో ఖననము చేసిరి.

ఏ రాజధానినుండి గ్రీసును అంతటిదానిని జేసెనో, ఆ రాజధాని వీధులలో ఆయన శవయాత్రకు చోటులేకపోయెను! ఈ ఒక్క విషయమున ఆయన జీవితపాఠమంతయు నిమిడియున్నది. ఎన్నికలలో గెలిచినవాడు ఓడినవానిని శత్రువుగా నెంచక సోదరునిగా నెంచవలయును. ఓడినవాడు ఆయుధమునకు బదులు మరుసటి యెన్నికకై వేచియుండవలయును. ఈ నియమము తప్పిన దేశమున ఎంతటి మహనీయుడు పుట్టినను, ఆయన కట్టిన కోట గోడలు లోపలినుండియే బీటవారును.