సర్క్యూట్ బొమ్మ కూడా ఇవ్వాలి



ఎలక్ట్రానిక్ చెత్త గురించి మాట వచ్చినప్పుడల్లా పారేసేవాళ్లనే తప్పుపడుతుంటాం. పారేయక తప్పని స్థితి తెస్తున్నవాళ్లను మాత్రం అడగం. ఈమధ్య నేను చేయించిన ఒక మరమ్మతు సంగతి చెప్పి, దాని మీద ఒకే ఒక్క మాట అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వస్తువు అమ్మే కంపెనీ, లోపల ఏ భాగం దేనికి కలిసి ఉందో చూపే సర్క్యూట్ బొమ్మ కూడా కొన్నవాడికి ఇవ్వాలి.

పద్దెనిమిదేళ్ల క్రితం, రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఖరీదైన స్టీరియో ఒకటి కొన్నాను. నా జీవితంలో నా కోసం కొనుక్కున్న పెద్ద వస్తువు అదొక్కటే. అందులో సబ్‌వూఫర్ క్రాసోవర్ అని ఒక విడి పెట్టె ఉంది. పాటను అది రెండు పాయలు చేస్తుంది. 80 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని మామూలు స్పీకర్లకు, కిందిదాన్ని సబ్‌వూఫర్‌కు పంపుతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. అంటే ఆ తీగ మూల స్వరం సబ్‌వూఫర్ వంతుకే వస్తుంది.

నిరుడు ఎండాకాలంలో ఆ పెట్టె చెడింది. మొదట స్విచ్ వేయగానే ‘ధబ్’మనేది. తర్వాత పాట ఉన్నా లేకపోయినా ‘గుంయ్’మని ఒకటే హోరు. ఆఖరికి కుడివైపు మంద్రం పూర్తిగా పోయింది, ఎడమవైపు సన్నగిల్లింది. మృదంగం తొప్పి మీద చెయ్యి పడితే గదంతా నిండాల్సిన నాదం అట్టపెట్టె మీద తట్టినట్టు వినిపించింది. ‘గీతాంజలి’ పాటలు పెట్టుకుంటే ఇళయరాజా బేస్ గిటార్ కోసం చెవులు రిక్కించి వెతుక్కోవాల్సి వచ్చింది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. వారం ఉంచుకుని, “మోడల్ ఆగిపోయింది సార్, బోర్డు దొరకదు, కొత్తది తీసుకోండి” అన్నారు. కొత్తదాని ధర 74,000 రూపాయలు. అసలు ఏం పోయిందని అడిగితే, తాము బోర్డు మొత్తం మార్చడమే తప్ప విడిభాగాలు చూసే పని పెట్టుకోబోమన్నారు. పోనీ సర్క్యూట్ బొమ్మ ఇవ్వండి, బయట చూపించుకుంటానంటే, అది బయటివాళ్లకు ఇచ్చేది కాదన్నారు.

కోఠీ గుజరాతీ గల్లీ పక్కన, ముప్పై ఏళ్లుగా ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్న మెకానిక్ ఒకాయన దగ్గరికి వెళ్లాను. మూత విప్పి, టార్చి వేసి చూసి, “ఇది చావలే సార్, ఎండిపోయింది” అన్నారు. నన్ను కూడా వంగి చూడమన్నారు. పవర్ సప్లైలో రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది, వాటి కాళ్ల దగ్గర గోధుమరంగు మరక. వాటికి ఆనుకునే ఎప్పుడూ కాలుతుండే వోల్టేజి రెగ్యులేటర్. ఈ రకం కెపాసిటర్ల లోపల ద్రవం ఉంటుంది. వేడికి అది ఆరిపోతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ పనిలో ఉన్న అందరూ వేసుకునే లెక్క. మనకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటు డయోడ్లు దాటాక 100 హెర్ట్జ్ అలలవుతుంది. ఆ అలలను అణచాల్సినవి ఈ కెపాసిటర్లే. ఇవి ఎండిపోయాయి కాబట్టే ఆ హోరు. సిగ్నల్ దారిలో ఉన్నవి కూడా ఆరిపోయి, మంద్రాన్ని ముందుకు పోనివ్వడం లేదు.

ఇంతవరకూ ఒక గంట పని. అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. కుడివైపు ఎనిమిది కాళ్ల ఐసీ (చిప్పు) ఒకటి కాలిపోయింది. దాని నెత్తిమీద నంబరు లేదు. చెరిగిపోవడం కాదు, ఫ్యాక్టరీలోనే గీకేశారు. పక్కనున్న ఐసీలన్నిటికీ అదే పని చేశారు. ఆయన భూతద్దం పెట్టుకుని, బోర్డు మీది రాగి గీతలను ఒక్కొక్కటిగా కాగితం మీద గీసుకున్నారు. నాలుగో కాలికి మైనస్ 15 వోల్టులు, ఎనిమిదో కాలికి ప్లస్ 15 వస్తున్నాయని చూసి, ఇది జంట ఆప్-ఆంప్, అంటే ఒకే చిప్పులో రెండు చిన్న ఆంప్లిఫయర్లు అని తేల్చారు. ఎక్కడైనా దొరికే ఎన్ఈ 5532 అనే ఐసీని సాకెట్‌లో పెట్టి చూస్తే పలికింది. ఈ వెతుకులాటకు రెండు రోజులు పట్టింది. బొమ్మ చేతిలో ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. విడిభాగాలకు 640 రూపాయలు, ఆయన కూలి 3,500. మొత్తం 4,140.

కంపెనీలు చెప్పే సాకులు రెండు. ఒకటి, డిజైన్ రహస్యం. ఇలాంటి క్రాసోవర్లలో ఎక్కువగా వాడే లింక్‌విట్జ్-రైలీ పద్ధతి 1976లోనే అచ్చయింది. విద్యార్థులు పాఠంగా చదువుకునేదాన్ని కొన్నవాడి దగ్గర దాచడమెందుకు? రెండోది, లోపల 230 వోల్టులు ఉంటాయి, ప్రమాదం. నిజమే. అందుకే బొమ్మ కావాలి. ఆ 230 వోల్టులు ఏ తీగలో ఉన్నాయో మెకానిక్‌కు చెప్పేది ఆ బొమ్మే. బొమ్మ దాస్తే మరమ్మతు ఆగదు, మెకానిక్ ప్రాణానికి ముప్పు పెరుగుతుంది.

ఇది డబ్బున్నవాళ్ల స్టీరియోల గోల అనుకోకండి. అవే కెపాసిటర్లు మీ టీవీలో ఉన్నాయి, సెట్‌టాప్ బాక్సులో ఉన్నాయి. పాత వాల్వ్ రేడియోల్లో చాలావాటికి వెనక అట్ట మీదో, పెట్టె లోపలో సర్క్యూట్ బొమ్మ అతికించి ఉండేది. ఊళ్లో మెకానిక్ అది చూసే బాగుచేసేవాడు. కొత్తగా ఏదో ఇమ్మని నేను అడగడం లేదు. మన దగ్గరున్నదాన్ని తీసేసుకున్నారు, తిరిగి ఇమ్మంటున్నాను.

మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022 జులైలో కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కంపెనీలు మరమ్మతు వివరాలు పెట్టేందుకు పోర్టల్ తెరిచింది. మంచి పనులే. అయితే కంపెనీ తనంతట తాను ఇష్టపడి ఇచ్చేదాన్ని హక్కు అనలేం. అమ్మే ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువుకూ సర్క్యూట్ బొమ్మ, విడిభాగాల జాబితా ఇవ్వాలని, ఐసీల మీద నంబర్లు గీకకూడదని చట్టంలో రాయాలి. మన పార్లమెంటు సభ్యులు ఈ మాట సభలో ఎత్తాలి.

పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఏ వస్తువు కొన్నా, డబ్బు కట్టేముందు “దీని సర్క్యూట్ బొమ్మ ఇస్తారా?” అని కౌంటర్ దగ్గర అడగండి. లేదంటారు. అయినా అడగండి. పదిమంది అడిగితే ఆ మాట దుకాణం నుంచి కంపెనీదాకా వెళ్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్